ముందు నువ్వు తాగప్పా

ఆయన పోయాడని మా ఊరి పశువుల డాక్టరు ఫోను చేసి చెప్పాడు. "టీచరమ్మా, హిందూపురం సారు పోయినాడంట. తెల్లారి లేపితే లేయలేదంట. నాయనకు నువ్వే చెప్పు, నాతో కాదు" అని పెట్టేశాడు. ఫోను చేతిలో పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను, పెరట్లోకి వెళ్లాను, మళ్లీ ముందు గదిలోకి వచ్చాను. కుక్కరు కూత మీద కూత వేస్తోంది, ఆపాలని తోచలేదు. ఒకచోట కూర్చుని ఏడుద్దామంటే కూర్చోబుద్ధి కావడం లేదు. అప్పుడు కోపం వచ్చింది నాకు. పోతూ పోతూ ఈ మనిషి తన అలవాటు నాకు అంటించి పోయాడు.

ఆయన కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో కుర్చీ ఉంది, అరుగు ఉంది, చాప ఉంది, వచ్చినప్పుడల్లా "కూచో సారూ" అని బతిమాలే నాయన ఉన్నాడు. ఆయన మాత్రం గడప దగ్గరే నిలబడి, ఒంటి బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు మార్చుకుంటూ, "లేదప్పా, పోవాల" అనేవాడు. యాడికి పోవాలో చెప్పడు. పోతానన్నవాడు పోనూ పోడు. అట్లా నిలబడే అరగంట మాట్లాడేవాడు. చూసేవాళ్ల కాళ్లు నొప్పి పుట్టేవి.

పశువుల జబ్బుల మీద పరిశోధన ఆయన పని. అందులోనూ మెదడుకూ నరాలకూ పట్టేవి, కంటికి కనబడని వైరస్సులు తెచ్చేవి. కుక్కకు పిచ్చి ఎట్లా పడుతుంది, అది కరిచిన ఆవు ఎందుకు గొంతు మారి అరుస్తుంది, నిన్నటిదాకా బాగా మేసిన ఎనుము ఇవాళ గోడకు తల ఆనించి ఎందుకు నిలబడుతుంది, ఇవే ఆయన రాత్రింబవళ్లు ఆలోచించిన సంగతులు. హిందూపురంలో చిన్న ల్యాబు ఉండేది. ఎక్కడ పశువు వింతగా చచ్చిందని తెలిసినా ఐసు డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కేవాడు. ఎంత చదివాడో, ఏమేమి కనిపెట్టాడో నాకు తెలియదు. అవి చెప్పేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లు చెప్పుకోనీ. నాకు తెలిసింది ఆయన నిలబడిన తీరు.

మొదటిసారి చూసింది కూడా నిలబడి ఉండగానే, నేను ఆయనతో పోట్లాడుతుండగా.

నేను పెనుకొండ హైస్కూల్లో పిల్లలకు తెలుగు చెబుతాను. ఇల్లు ధర్మవరం. రోజూ పోయి రావడమే. పొద్దున హిందూపురం బస్సు ఎట్లా ఉంటుందో ఎక్కినవాళ్లకే తెలుసు. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి పోయే పిల్లలు సగం బస్సు నింపేస్తారు. ఆ రోజు ఎక్కి చూస్తే ఒక సీట్లో తెల్లటి ఐసు డబ్బా, దానికి తాడు, పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడిన ఆయన. నలిగిన చొక్కా, దువ్వని తల.

"ఆ డబ్బా కింద పెట్టండి. నేను కూర్చోవాలి" అన్నాను.

"దానికి టిక్కెట్టు తీసుకున్నానమ్మా."

"మరి మీకు?"

"నాకూ తీసుకున్నా. నేను నిలబడతా."

నాకు ఒళ్లు మండింది. మనుషులు నిలబడి పోతుంటే డబ్బా కూర్చుని పోతుందా అని కండక్టరును పిలిచాను. అతను వచ్చి డబ్బా మీద చెయ్యి వేయబోతే ఆయన అడ్డం వచ్చాడు. "అదరకూడదప్పా. కింద పెడితే అదురుతుంది. అదిరి, వేడి తగిలితే నాకు పనికి రాదు."

"ఏముండాది సారూ ఇందులో, గుడ్లా?"

"మెదడు. గొర్రెది."

బస్సు నవ్వింది. వెనక నుంచి ఎవడో "కూరకా సారూ?" అన్నాడు. "కాదు, చూసేదానికి" అన్నాడాయన, ఏమాత్రం నవ్వకుండా. కండక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకుని ముందుకు వెళ్లిపోయాడు. మేమిద్దరం డబ్బాకు చెరో పక్క నిలబడ్డాం. కాసేపయ్యాక ఆయన నా కాళ్లకేసి చూసి, "ఎడమ మోకాలు నొప్పామ్మా? బరువంతా కుడి కాలి మీదేస్తాండావు" అన్నాడు. నొప్పని తెలిసి కూడా సీటివ్వని మనిషిని ఆయన్నే చూశాను. పెనుకొండలో దిగేదాకా మళ్లీ ఆయన మొహం చూడలేదు.

ఆ తరువాత తరచూ కనబడేవాడు. డబ్బా ఖాళీగా ఉంటే ఎవరికైనా సీటిచ్చి, దాన్ని భుజానికి తగిలించుకుని నిలబడేవాడు. కిటికీలోంచి బయటికే చూపు. మేసే ఆవులు, రోడ్డు దాటే కుక్కలు, గొర్రెల మందలు, ఒక్కదాన్నీ వదిలేవాడు కాదు. ఒకసారి పెనుకొండ దగ్గర పడుతుండగా ఉన్నట్టుండి "ఆపప్పా, ఆపు" అని అరిచి దిగేశాడు. "డబ్బా చూసుకో అమ్మా" అని నాకు చెప్పి మరీ దిగాడు, నేనేదో ఆయన ఇంటి మనిషినైనట్టు.

రోడ్డు పక్క బీట్లో ఒక గొర్రె, మందకు దూరంగా, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. ఆయన వినిపించుకోలేదు. గొర్రెల కాపరితో మాట్లాడుతున్నది కిటికీలోంచి వినబడుతూనే ఉంది.

"ఇట్ల తిరగబట్టి ఎన్నాళ్లాయ?"

"ఈ నడమనే సారూ. గాలి సోకినట్లుండాది."

"గాలి కాదప్పా. తలలో నీటి బుగ్గ పెరిగింది. ముందు చచ్చిన జీవాల తలకాయలు ఏం చేసినావు?"

"కుక్కలకేసినా. తలకాయ కుక్కలకు కాక ఇంగెవురికేస్తారు సారూ?"

"అదే వద్దనేది. తలకాయలో ఉండే పురుగు కుక్క కడుపులో పెరుగుతాది. ఆడనుంచి గడ్డి మీదికొస్తాది. ఆ గడ్డి మేసి ఇది తిరుగుతాంది. తలకాయలు పాతిపెట్టు, లేదంటే ఉడకేసి పెట్టు."

కాపరి నవ్వాడు. "మా ఇంట్లో ఆడోళ్లు నాకే ఒక పూట ఉడకేయరు సారూ. కుక్కకేస్తారా?"

ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి బస్సెక్కాడు. ఊరుకోలేక నేనే అడిగాను, అది బతుకుతుందా అని. "సందకాడికి కోసేస్తాడు" అన్నాడు. తరువాత చాలాసేపటికి, పెనుకొండ స్టాండులో నేను దిగబోతుంటే, "తలకాయ మళ్లీ కుక్కకే వేస్తాడు" అన్నాడు. ఆ గొంతు విన్నాక మాత్రం సీటు మీద కోపం నాకు కొంత తగ్గింది.

ఇంతవరకే అయితే ఆయన మీద నేను రాయాల్సింది ఏమీ లేదు. బస్సులో కనబడే వింత మనుషుల్లో ఒకడిగా మిగిలిపోయేవాడు. మా గౌరికి జబ్బు చేసింది.

గౌరి మా ఆవు. నల్లది, మెడ కింద తెల్లటి మచ్చ. మాది మగ్గాల వీధి. నాయన పట్టుచీరలు నేస్తాడు. మా వీధి పశువులకు ఒక దురలవాటు ఉంది. మగ్గాల కింద ఊడ్చి పారేసిన తెగిన పోగులూ జరీ ముక్కలూ తినేస్తాయి. ఉండలు ఉండలుగా గొంతుకు అడ్డం పడుతుంటాయి. అట్లాంటప్పుడు మా వీధి మగవాళ్లందరూ చేసేది ఒకటే. ఒకరు కొమ్ములు పట్టుకుంటే ఒకరు నోట్లో చెయ్యి పెట్టి లాగేస్తారు. నాయన ఆ పనిలో నేర్పరి. పక్క వీధుల వాళ్లు కూడా ఆయన్ను పిలుచుకుని పోతారు.

కాబట్టి గౌరి మేత మానేసి, నోటి వెంట తీగలు తీగలుగా చొంగ కారుస్తుంటే ఎవరికీ వేరే అనుమానం రాలేదు. పోగుల ఉండ పడిందన్నారు. నాయన చొక్కా విప్పి, మోచేతి దాకా దాని నోట్లో పెట్టి వెతికాడు. ఏమీ తగల్లేదు. "లోపలికి జారిందేమో" అని మళ్లీ పెట్టాడు. సాయంత్రానికి ఆవు వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది. అరుపు మారింది. బొంగురుగా, ఆగకుండా, అది మా గౌరి గొంతే కాదు. మా ఊరి పశువుల డాక్టరు వచ్చి దూరం నుంచే చూసి, ఎవరికో ఫోను చేశాడు. పొద్దునకు గౌరి చచ్చిపోయింది.

మొదటి బస్సుకే డబ్బాతో దిగాడు ఆయన. నన్ను చూసి గుర్తుపట్టాడో లేదో, మొహంలో ఏమీ కనబడలేదు. ఆవు దగ్గరికి పోలేదు ముందు. "నోట్లో చెయ్యి పెట్టింది ఎవురు?" అని అడిగాడు. నాయన చెయ్యి చూపించాడు. ఆయన ఆ చేతిని ముట్టుకోకుండా వంగి చూశాడు. నేతగాడి వేళ్లు ఎట్లా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. జరీ పోగు కోసి కోసి, పాత గాట్ల మీద కొత్త గాట్లు.

"సబ్బు తీసుకో" అన్నాడు. వీధి కొళాయి కింద నాయన చెయ్యి పెట్టించి కడిగించాడు. కడిగిన చేతినే మళ్లీ కడిగించాడు. నాయన విసుక్కుని తీయబోతే, "ఇంకా, ఇంకా" అన్నాడు. ఆ తరువాత, "ఆటో పిలవండి. పెద్దాసుపత్రికి పోదాం, పిచ్చికి సూది వేయించాల" అన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. చదువుకున్నదాన్ని కదా, అడిగాను. "ముందు పరీక్ష చేసి తేల్చండి సారూ. పిచ్చి అని తేలితే సూదులు వేయిద్దాం. ఊరికే పెద్దాయన్ను ఎందుకు పొడిపించడం?"

"పరీక్ష తర్వాత. సూది ముందు" అన్నాడాయన. ఎందుకో చెప్పలేదు. నా మొహం కూడా చూడలేదు. ఆటోలో నాయన పక్కన చోటున్నా ఎక్కక, పక్క కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఆసుపత్రి దాకా వచ్చాడు. గాట్లున్న చోట సూదులు గుచ్చుతుంటే నాయన పళ్లు బిగపట్టాడు. అయ్యేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక అమ్మతో అసలు పేచీ మొదలైంది. పిచ్చి అవునో కాదో తెలియాలంటే ఆవు మెదడు కావాలి. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అది నా ఇంటి లచ్చిమి. పసుపు కుంకుమ పెట్టి సాగనంపాల. తలకాయ కోసిచ్చేదానికి మేమేమన్నా కటికోళ్లమా?"

ఆయన బతిమాలలేదు, చట్టం గిట్టం అనలేదు. కాసేపు కాళ్లు మార్చుకుంటూ నిలబడి, "తల కోయను తల్లీ" అన్నాడు. "మెడ వెనకాల సొల్పం సందు ఉంటాది. ఆడనుంచి సన్న గొట్టంతో తీసుకుంటా. మొఖం ముట్టను. తీసినాక కుట్టేస్తా." మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇంట్లో పుట్టినవాడు. ఆ 'సొల్పం' అనే మాట ఆయన నోట ఎప్పుడూ ఆడుతుండేది.

చివరకు అమ్మ లోపలికి వెళ్లి పాత పట్టుచీర ముక్క తెచ్చి, ఎర్రంచు పైకి వచ్చేట్టు గౌరి మొహం మీద కప్పింది. "నాకు కనబడకుండా చేసుకో" అని వెళ్లిపోయింది. ఆయన చేతులకు తొడుగులు వేసుకుని, మూతి కట్టుకుని, వెనక మోకరిల్లి పని చేశాడు. మోకరిల్లడం కూడా కూర్చోవడమే అంటారేమో. నేనైతే లెక్కలో వేయను. కుట్టింది మాత్రం మా వీధివాళ్లు తప్పు పట్టలేనంత సన్నగా కుట్టాడు.

పిచ్చే అని తేలింది. ఎప్పుడో ఏ కుక్కో కరిచి ఉంటుంది, మాకు తెలియదు. ఆ సంగతి చెప్పడానికి కూడా ఫోను చేయక తానే వచ్చాడు. వీధిలో ఇల్లిల్లూ తిరిగి, దాని చొంగ ఎవరికైనా తగిలిందా అని అడిగాడు. కాచిన పాలు తాగినవాళ్లకు ఏమీ కాదని ఒకటికి పదిసార్లు చెప్పాడు. కొమ్ములు పట్టుకున్న పక్కింటాయన్ను కూడా సూదికి లాక్కుపోయాడు. మగ్గాల వీధిలో అంతగా తిట్లు తిన్న చదువుకున్న మనిషి ఇంకొకరు ఉండరు.

ఇంకో వారానికి నాయన మొండికేశాడు.

మగ్గం మీద పెళ్లి చీర ఉంది. ముహూర్తం దగ్గర పడుతోంది. సూది వేసిన జబ్బ లాగుతోందని, అడ్డపోగు నేసే నాడె విసిరితే పోగు తప్పుతోందని నాయన బాధ. "నాకేమాయ పాపా? అన్నం తింటాండా, నిద్ర పోతాండా. వేయించుకున్నవి చాలు" అన్నాడు. నేను అరిచాను, అమ్మ ఏడ్చింది. నాయన గుంటమగ్గంలోకి కాళ్లు దించి నేతలో పడిపోయాడు. మగ్గంలోకి దిగిన నాయన్ను పైకి లేపడం దేవుడి వల్ల కూడా కాదు.

తరువాతి సూది రోజున ఆయన మా గడప ముందు ప్రత్యక్షమయ్యాడు. ఎవరూ పిలవలేదు. ఆసుపత్రిలో కనుక్కుని వచ్చాడట, నాయన రాలేదని తెలిసి. లోపలికి వచ్చి మగ్గం పక్కన నిలబడ్డాడు.

"కూచో సారూ" అన్నాడు నాయన, చెయ్యి ఆపకుండా.

"నువ్వు లేయి, పోదాం."

"ఈ అంచు తేలనీ."

ఆయన నిలబడే ఉన్నాడు. నాడె అటూ ఇటూ పోతోంది. ఇటు పనికి పోవాల్సిన నేను బ్యాగు భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతున్నాను. చివరకు నాకే సహనం చచ్చి, "మీరట్లా చేతులు కట్టుకుని నిలబడితే మా నాయన లేస్తాడా? గట్టిగా చెప్పండి, భయపెట్టండి, ఏమన్నా చేయండి" అన్నాను.

"భయపెట్టడం రాదమ్మా నాకు" అన్నాడు. నాయన వైపు తిరిగాడు. "నేనెందుకు కూర్చోనో అడుగుతాంటావు కదా ఎప్పుడూ. చెప్తా విను.

"తాడిమర్రి అవతల ఒక ఊర్లో ఒకాయన. నీ మాదిరే ఎనుము నోట్లో చెయ్యి పెట్టినాడు. ఎనుము మెదడు నాకు తెచ్చిచ్చినారు. బస్సులో, కింద పెట్టుకుని, ఎండలో తెచ్చినారు. పాడైంది. చూస్తే ఏమీ తేలలేదు. మళ్లీ తీసుకుందామంటే ఎనుమును పూడ్చేసినారు. తేలనిదానికి మనుషుల్ని బెదిరించడమెందుకని నేను ఏమీ చెప్పలేదు. నిజం తెలిసినాకనే నోరు తెరవాలని చదువుకున్నోణ్ణి. ల్యాబులో కుర్చీ ఉండాది, కూర్చున్నా. వాళ్లు నా కబురు కోసం చూస్తాండారు. నేను ఇంకేమన్నా తెలుస్తాదేమోనని చూస్తాండా. ఆ మనిషి బతకలేదప్పా. ఇద్దరు ఆడపిల్లలు. అప్పట్నుంచి కూర్చుంటే నాకు తోచదు."

ఇంతే చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. నాడె చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. నాయన గుంటలోంచి కాళ్లు పైకి తీసి, టవలుతో చేతులు తుడుచుకుని, "పద సారూ" అన్నాడు. అంచు సగంలో ఉండగా నాయన మగ్గం దిగడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ తరువాత ఆఖరి సూది దాకా ఒక్కటి కూడా తప్పలేదు.

అయిపోయిందనుకున్నాం. "సూదులన్నీ పడినాయి, ఇంగ భయం లేదు" అని ఆయనే అన్నాడు. కానీ రావడం మానలేదు. ధర్మవరంలో పనున్నా, కనగానపల్లికి పోతున్నా, దారిలో మా గడప దగ్గర ఆగేవాడు. ఎప్పుడూ ఒకటే తంతు. "సొల్పం నీళ్లియ్యమ్మా" అనేవాడు. చెంబూ గ్లాసూ తెచ్చిస్తే, గ్లాసు నింపి నాయనకే అందించేవాడు. "ముందు నువ్వు తాగప్పా." నాయన నవ్వుతూ తాగేవాడు. ఆయన కూడా తాగి, "పోవాల" అనేవాడు.

మర్యాద అనుకున్నాం. అమ్మయితే, "మన నీళ్లు బాగుండాయో లేదోనని నాయనతో తాగించి చూస్తాడు, దొర" అని మూతి తిప్పేది. నేనొకసారి మా పశువుల డాక్టరుతో నవ్వుతాలుగా ఈ మాట అంటే అతను నవ్వలేదు. "టీచరమ్మా, ఆ రోగం వచ్చినోళ్లు నీళ్లు మింగలేరు. గొంతు పట్టేస్తాది. సారు చూసేది అదే" అన్నాడు.

ఆ రోజు నుంచి నా మనశ్శాంతి పోయింది. అన్నం దగ్గర నాయన గొంతుకేసే చూసేదాన్ని. ముద్ద మింగాడా, మజ్జిగ దిగిందా. పొరబోయి దగ్గితే నేను పళ్లెం వదిలి లేచి నిలబడేదాన్ని. క్లాసులో పద్యం చెబుతూ మధ్యలో ఆపి, బయటకు వచ్చి ఇంటికి ఫోను చేసేదాన్ని. "నాయన నీళ్లు తాగినాడా?" అని అడిగితే అమ్మ, "దీనికేమైంది ఈ నడమ" అనుకునేది. అమ్మకు చెప్పలేను, నాయనకు అసలు చెప్పలేను. ఇదంతా తెచ్చి నా నెత్తిన పెట్టిన ఆ మనిషి మీద పీకల దాకా కోపం.

ఒకరోజు బస్సులో పట్టుకున్నాను. డబ్బా సీట్లో ఉంది, ఆయన నిలబడి ఉన్నాడు. "భయం లేదన్నారు కదా. మరి మా నాయనతో నీళ్లెందుకు తాగిస్తున్నారు?" అని అడిగేశాను.

ఆయన దొంగతనం చేస్తూ దొరికినవాడిలా తల దించుకున్నాడు. "భయం లేదమ్మా. నిజంగానే లేదు. సూదులన్నీ పడినాయి."

"మరి?"

"మీకు లేదు. నాకు ఉండాది."

నేను ఇంకా ఏదో అనబోయాను. ఆయన కిటికీ బయటకు చూస్తూ, "తాడిమర్రాయన నీళ్లు తాగలేనప్పుడు నేను ఆడ ఉండా" అన్నాడు. నాకు ఆయన మీద కోపం పోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆ రోజు నుంచి ఆయన గడపలో కనబడగానే నేనే ముందు నీళ్ల చెంబు తెచ్చేదాన్ని. ఇద్దరం చెరో పక్క నిలబడి నాయన గుటకలు చూసేవాళ్లం. నాయనకు ఈ సంగతి తెలియదని అనుకునేదాన్ని.

ఏడాది గడిచింది, ఇంకా గడిచింది. ఆయన వస్తూనే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, డబ్బా తాడు మారింది, అలవాటు మారలేదు. నాయన ప్రతిసారీ "కూచో సారూ" అనడం మానలేదు. మొన్న ఉగాది ముందు వచ్చినప్పుడు కూడా గడప దగ్గర నిలబడి నీళ్లు తాగించి, తాగి, "పోవాల" అని పోయాడు. అదే ఆఖరు.

నాయనకు ఎట్లా చెప్పాలో తెలియక మగ్గం చుట్టూ రెండుసార్లు తిరిగాను. "ఏం పాపా, కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు" అన్నాడు. చెప్పాను. నాయన నాడెను పక్కన పెట్టాడు. పోగు మధ్యలో ఉంది. "పద" అన్నాడు.

హిందూపురంలో ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సందు మొదట్లోనే షామియానా వేశారు. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుకుంటున్న జనం. గొర్రెల కాపరులు కూడా వచ్చారు, కంబళ్లతో, ఒక మూలగా నిలబడి ఉన్నారు. మేము గుంపును దాటుకుని గడప దగ్గరకు వెళ్లాం. నాయన అక్కడే ఆగిపోయాడు. ఆయన వెనక నేనూ ఆగిపోయాను.

ఆయన కూర్చుని ఉన్నాడు.

లింగాయతుల ఇల్లని నాకు అప్పటిదాకా తెలియదు. వాళ్లలో పోయినవాళ్లను పడుకోబెట్టరు. కూర్చోబెట్టి పూజ చేసి, కూర్చున్నట్టే సమాధి చేస్తారు. గోడకు ఆనించిన కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టి, జారిపోకుండా తెల్లగుడ్డతో కట్టారు. నుదుట విభూతి, మెడలో మాల. చేతులు ఒళ్లో పెట్టారు. తల మాత్రం ఎవరో దువ్వారు, అది ఆయనకు నప్పలేదు. నేను ఏడుద్దామని వచ్చినదాన్ని ఏడవలేక నిలబడిపోయాను. లేచి "పోవాల" అంటాడేమోనని చూస్తున్నట్టుంది నా ప్రాణం.

నాయన గొంతు సవరించుకున్నాడు. "సొల్పం నీళ్లియ్యమ్మా" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

అందరూ తలలెత్తారు. శవం లేవని ఇంట్లో ఎవరూ నీళ్లు ముట్టరు. ఒక పెద్దాయన, "బయట అంగడి ఉండాదప్పా, ఆడ తాగిరా పో" అన్నాడు చిరాగ్గా. నేను సిగ్గుతో నాయన చొక్కా పట్టుకుని లాగాను. "నాయనా, పద. బయట తాగుదువు." నాయన కదల్లేదు.

కుర్చీ పక్కన కూర్చున్న ఆయన భార్య తలెత్తి చూసింది. ఆమెను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. నాయన మొహం చూసింది, చేతులు చూసింది, ఆ వేళ్ల మీది గాట్లు చూసింది.

"ధర్మవరమా?" అంది.

నాయన తల ఊపాడు.

ఆమె లేచింది. పట్టుకోబోయిన వాళ్లను పక్కకు నెట్టి లోపలికి పోయి, తానే గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నాయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, గడప దాటి, కుర్చీకి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. మెడ పైకెత్తాడు. తొందర లేకుండా, ఒక్కో గుటకా కనబడేట్టుగా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్లూ మేమిద్దరం ఏం చూస్తున్నామో నాయనకు తెలుసని.

నాయన మూతి తుడుచుకుని గ్లాసు ఆమె చేతికిచ్చాడు. వంగి, ఆయన ఒళ్లో ఉన్న చేతి మీద చెయ్యి వేశాడు.

"చూసినావు కదా సారూ" అన్నాడు. "ఇంగ కూచో."